జింక పక్క సీటు

పిల్లల పుస్తకాల వెనక అట్ట మీద "4–6 ఏళ్ల వారికి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది సలహా మాత్రమే. రెండేళ్ల పాప దాన్ని నమిలినా, పదేళ్లవాడు దుప్పట్లో దూరి చదువుకున్నా పుస్తకం కాదనదు. థీమ్ పార్కు అలా వదిలెయ్యదు. వయసు అడగదు, ఎత్తు కొలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో ఉన్న వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. అక్కణ్ణుంచి 140 దాకా పిల్లల టికెట్. ఆపైన ఉంటే పెద్దవాళ్ల కిందే లెక్క, వాడింకా ఏడో తరగతి చదువుతున్నా సరే. లోపలికెళ్లాక పెద్ద రైడ్ల ముందు మళ్లీ ఒక్కో గీత. నిటారుగా నిలబడాలి, మడమలు ఎత్తకూడదు.

ఇంజనీరుగా నాకు ఆ గీత మీద గౌరవమే. బార్ ఎక్కడ ఆనాలి, బెల్టు ఏ ఎముక మీద పడాలి అన్నది వయసుని బట్టి ఉండదు, ఒంటి కొలతని బట్టి ఉంటుంది. అప్పుడప్పుడూ సమీక్షలు రాసుకునేవాడిగా మాత్రం కొంచెం అసూయ. తన పాఠకుడెవరో ఇంత కచ్చితంగా తేల్చుకున్న రచన నేనింతవరకు చూడలేదు. కాకపోతే ఆ గీత కొలిచేది ఒక్కటే: ఈ ఒళ్లు సీట్లోంచి జారిపోకుండా ఉంటుందా లేదా. ఆ ఒంట్లో ఉన్న మనిషికి ఇదంతా కథే అని తెలుసా లేదా అన్నది కొలిచే గీత ఎక్కడా లేదు. చిన్నపిల్లల్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు అసలు వ్యవహారమంతా ఆ రెండో గీత దగ్గరే.

మనవైపు, అంటే గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి, తెల్లాపూర్ వైపు, ఈ "మొదటిసారి"కి ఒక ఒరవడి ఏర్పడిపోయింది. పాపకో బాబుకో నాలుగో ఏడు రాగానే ఎవరో ఒకరు "ఇంకా తీసుకెళ్లలేదా?" అంటారు. శుక్రవారం రాత్రి ఆన్‌లైన్లో టికెట్లు, శనివారం పొద్దున్నే ఔటర్. 158 కిలోమీటర్ల ఆ చక్రానికి మనం పడమటి అంచున ఉంటాం, పార్కులేమో అవతలి అంచున. శంషాబాద్, తుక్కుగూడ దాటితే రావిర్యాల. ఇంకా ముందుకెళ్లి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే రామోజీ ఫిల్మ్ సిటీ. సగం ఊరు చుట్టొచ్చేసరికి పిల్లలు వెనక సీట్లో నిద్రపోయి ఉంటారు. వెళ్లొచ్చినవాళ్లు రాసే రివ్యూల్లో పార్కింగు, లాకర్లు, తిండి, ఫాస్ట్ ట్రాక్ తీసుకుంటే లాభమా నష్టమా, ఇవీ ఉండేవి. పనికొచ్చే సమాచారమే. నేనూ చదివే బయల్దేరాను. కానీ నవలని సమీక్షిస్తూ కాగితం బాగుంది, బైండింగు గట్టిగా ఉంది అని ఆపేసినట్టుంటుంది. అది ఏ ప్రక్రియకి చెందింది, నాలుగేళ్ల చదువరిని ఏం చేస్తుంది అన్న సంగతి మిగిలిపోతుంది.

థీమ్ పార్కు మాటెత్తగానే మన చదువరి మిత్రులు బోద్రియార్‌ని తీసుకొస్తారు. డిస్నీలాండ్ అంత బాహాటంగా కల్పితంగా కనిపించేది దాని చుట్టూ ఉన్న అమెరికా నిజమని నమ్మించడానికే అని 1981లో ఆయన రాసిన మాట. తెలివైన మాటే, కానీ సైబరాబాద్‌లో దానికి పెద్ద పని లేదు. ఇక్కడ దాచడానికేముంది? 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికే దాని పక్కన శిల్పారామం ఉంది. పల్లెని థీమ్‌గా పెట్టి కట్టిన పార్కు. అందులోని గ్రామీణ మ్యూజియంలో కులవృత్తులవాళ్లంతా మనిషంత బొమ్మలై కూర్చుని ఉంటారు. ఇటు పల్లెటూరి బొమ్మ, అటు అద్దాల మేడ, మధ్యలో ట్రాఫిక్కు. ఏది నిజం, ఏది కల్పితం అన్న ప్రశ్న మనకి ఆఫీసుకెళ్లే దారిలోనే తీరిపోయింది. పైగా బోద్రియార్ వాదన నిలబడాలంటే, కల్పితాన్ని కల్పితంగా గుర్తుపట్టగల పెద్దమనిషి ఒకడుండాలి. మా పాపకి అప్పటికి నాలుగేళ్లు. శిల్పారామంలో కుమ్మరి బొమ్మ ముందు కూర్చుని, "ఈ తాత ఎందుకు చెయ్యి తిప్పట్లేదు నాన్నా, నొప్పా?" అని అడిగిన మనిషి. ఆ ప్రశ్నకి ఫ్రెంచి సిద్ధాంతంలో జవాబు దొరకదు.

డిస్నీలాండ్ దగ్గరే ఇంకో కథ ఉంది, మనకి అది ఎక్కువ పనికొస్తుంది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన కూతుళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను ఒక బెంచీ మీద కూర్చుని చూస్తూ, పెద్దలూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఉంటే బాగుణ్ణు అనుకున్నానని వాల్ట్ డిస్నీ చెప్పుకున్నాడు. ఆ ఆలోచన పెరిగి పెరిగి 1955 జులై 17న అనహైమ్‌లో గేట్లు తెరిచింది. జాగ్రత్తగా వింటే ఇది పిల్లల కోరికలోంచి పుట్టిన కథ కాదు. ఆ పూట పిల్లలు బాగానే ఉన్నారు. రాట్నం తిరుగుతోంది, ప్రతి చుట్టుకీ నాన్న మొహం ఒకసారి కనిపిస్తోంది, వాళ్లు చెయ్యూపుతున్నారు. విసుగొచ్చింది బెంచీ మీదున్నాయనకి. అంటే ఈ ప్రక్రియ మొత్తం ఒక తండ్రి విసుగులోంచి పుట్టింది. అది చేసిన ప్రధానమైన పని, పెద్దవాణ్ణి బెంచీ మీంచి లేపి పిల్ల పక్క సీట్లో కూర్చోబెట్టడం. దీని మంచిచెడ్డలన్నీ ఆ పక్క సీటులోనే ఉన్నాయని నా అనుమానం.

ఎందుకో చెప్పాలంటే కాస్త పాత సామాను దించాలి. నాట్యశాస్త్రం భయాన్నీ భయానకాన్నీ వేరు చేస్తుంది. భయం స్థాయీభావం, అందరికీ ఉండేది, కుక్క వెంటపడితే కలిగేది. భయానకం రసం, అంటే రుచి చూడగలిగేది. కాశ్మీరంలో 10వ శతాబ్దం చివర పుట్టుకొచ్చిన మహా వ్యాఖ్యాత అభినవగుప్తుడు, ఈ రెండింటికీ తేడా చెప్పడానికి శాకుంతలం మొదటి అంకంలోని జింకని తీసుకున్నాడు. దుష్యంతుడి రథం తరుముతుంటే మెడ తిప్పి వెనక్కి చూస్తూ, అలసిన నోట్లోంచి సగం నమిలిన గడ్డి దారి పొడుగునా రాలిపోతుంటే, నేల కంటే గాల్లోనే ఎక్కువ ఉన్నట్టు పరిగెత్తే జింక. చూస్తున్న మనకి అది ఫలానా ఊళ్లో ఫలానా రోజు పరిగెత్తిన జంతువు కాదు. తరుముతున్నవాడు మన శత్రువూ కాదు, మిత్రుడూ కాదు. "నాకు భయంగా ఉంది" అనీ కాదు, "దానికి భయంగా ఉంది" అనీ కాదు. ఎవరిదీ కాని భయం ఒకటి మిగులుతుంది. దాన్ని మనం రుచి చూస్తాం. ఇదంతా జరగాలంటే మనం జింక అయి ఉండకూడదు.

రోలర్ కోస్టర్ అన్న ప్రక్రియ భయానక రసానికి మన కాలం కట్టుకున్న గుడి. అందులో నాకు సందేహం లేదు. వండర్‌లాలో రీకాయిల్ అని ఒకటుంది. ముందుకెళ్లి గింగిరాలు కొట్టి, పైదాకా పోయి ఆగి, అదే దారిలో వెనక్కి నడుస్తుంది. చూడని దాన్ని ముఖంతో ఎదుర్కోవడం ముందు, చూసేసిన దాన్ని వీపుతో ఎదుర్కోవడం తరవాత. రెండో సగమే ఎక్కువ భయపెడుతుంది. కథనం తెలిసినవాళ్లు చేసిన పని. అందులో అరిచేవాళ్లలో ఒక్కరు కూడా నిజంగా పడిపోతామని అనుకోరు. ఆ నమ్మకం మీదే రసం నిలబడుతుంది. పక్క సీట్లో నాలుగేళ్ల పిల్లని కూర్చోబెట్టండి. రీకాయిల్‌లో ఎలాగూ కుదరదు, గీత ఒప్పుకోదు. పిల్లల వైపున్న ఏదో చిన్న రైలు, చీకటి సొరంగం, పడవ ఏదైనా సరే. అదే పట్టా, అదే మలుపు, అదే సమయం. నాన్న భయానక రసంలో ఉన్నాడు, పాప భయంలో ఉంది. ఒకే పుస్తకాన్ని ఇద్దరూ చెరో పక్క పట్టుకున్నారు గానీ ఒకరికి అది నవల, ఇంకొకరికి టెలిగ్రామ్.

రసానికి అడ్డొచ్చే విఘ్నాలని అభినవగుప్తుడు ఏడు లెక్కపెట్టాడు. చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం అందులో ఒకటి. వాటికి విరుగుడుగానే నాటకానికి పూర్వరంగం, పాట, వాద్యం, అలంకరించిన మండపం అన్నీ ఉన్నాయంటాడు. థీమ్ పార్కుల వాళ్లు ఆయన్ని చదివి ఉండరు గానీ పాటించినంత శ్రద్ధగా మన సినిమాహాళ్లు కూడా పాటించవు. పెద్ద గేటు, రంగులు, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా మోగే సంగీతం. అన్నిటికంటే గొప్ప పూర్వరంగం క్యూ. నేను రోజంతా ఆఫీసులో క్యూలతోనే బతుకుతాను, సాఫ్ట్‌వేర్ క్యూలు. అక్కడ నిరీక్షణ అంటే తగ్గించాల్సిన అంకె, అంతే. పార్కులో క్యూ అలాంటిది కాదు. అది పాము మెలికలు తిరుగుతూ మనల్ని రైడ్ చుట్టూ తిప్పుతుంది. ఎక్కినవాళ్లు అరుస్తూ పోవడం చూస్తాం, నవ్వుతూ దిగడం చూస్తాం, జుట్టు సర్దుకుంటూ చెప్పులు వెతుక్కోవడం చూస్తాం. అరగంటలో మనకి తెలియకుండానే ఒప్పందం కుదిరిపోతుంది: భయపెడతారు, ఏమీ కాదు, చివర్లో నవ్వుతాం.

ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని అదే క్యూ చూడండి. 96 సెంటీమీటర్ల మనిషికి కనిపించేవి స్టీలు కమ్మీలు, ముందున్నవాళ్ల తడి షార్ట్స్, ఎవరిదో బ్యాగు జిప్పు. అరుపులు మాత్రం బాగా వినిపిస్తాయి. దిగేవాళ్ల నవ్వులు కనిపించవు. పూర్వరంగం మొత్తం పెద్దవాళ్ల కంటి ఎత్తులో జరుగుతుంది. పిల్లకి అందేది ఒక్క శబ్దమే, అదీ సగం కథ, భయపెట్టే సగం. అరగంట పాటు అరుపులు మాత్రమే విని, ఆ తరవాత చీకట్లోకి వెళ్లే సీట్లో కూర్చున్న మనిషి ఏడిస్తే "ఏంట్రా పిరికిదానా" అంటాం. పాప అంత దూరం ఏడవకుండా రావడమే నాకు విచిత్రంగా తోస్తుంది.

"చెప్తే అర్థమవుతుంది కదా, ఉత్తుత్తిదే అని" అనొచ్చు. పిల్లలకి ఉత్తుత్తిది తెలియదని కాదు. బ్రిటన్‌లో పాల్ హారిస్, ఆయన సహచరులు 4, 6 ఏళ్ల పిల్లలతో చేసిన ప్రయోగాలు 1991లో అచ్చయ్యాయి. ఖాళీ పెట్టె చూపిస్తారు. అందులో రాక్షసుడున్నాడని ఊహించుకోమంటారు. నిజంగా ఉన్నాడా అంటే లేడనే చెప్తారు పిల్లలు. కానీ ఆ పెద్దావిడ కాసేపు బయటికెళ్లొస్తానంటే నాలుగేళ్లవాళ్లలో కొందరు వెళ్లొద్దన్నారు. రాక్షసుడు లేడు, అయినా నువ్వు వెళ్లకు. నాకు తెలిసినంతలో బాల్యం గురించి ఇంత పొదుపైన కథ ఇంకోటి లేదు. లేడని తెలియడం ఒక పని, లేడన్న ధైర్యం మీద కూర్చోగలగడం ఇంకో పని. రెండోది మాటలతో రాదు. మా అక్క కొడుకు ఏడేళ్లవాడు, ఆ రోజు మాతోనే ఉన్నాడు. వాడికి అప్పటికే వచ్చేసింది. సొరంగంలో మా పాప చెవిలో "ఇప్పుడు దయ్యం వస్తది చూడు, బల్బుతో చేస్తారు" అన్నాడు. దయ్యాన్నీ బల్బునీ ఒకే వాక్యంలో పట్టగలిగినవాడు సహృదయుడు. పాప ఆ వాక్యంలోంచి దయ్యాన్ని మాత్రమే తీసుకుంది.

ఈ ప్రక్రియలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఫోటో. ఏ పార్కులోదో అనవసరం, ప్రపంచమంతా ఉన్న పద్ధతే. రైలు సరిగ్గా కిందికి జారే చోట కెమెరా ఉంటుంది. దిగి బయటికొచ్చేసరికి కౌంటర్ పైన తెరలో వరసగా మొహాలు. చేతులెత్తిన కుర్రాళ్లు, కళ్లు మూసుకున్న అమ్మాయి, ఆ పక్కన నోరు తెరిచి మెడ తిప్పి ఎవరినో వెతుక్కుంటున్న చిన్నపిల్ల. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఆ పిల్ల తల్లిదండ్రులు అందరికంటే ఎక్కువ నవ్వుతారు. డబ్బు కట్టి ఫ్రేమ్ చేయించుకుంటారు. ఆ నవ్వులో దుర్మార్గం లేదు, అచ్చమైన ముద్దే ఉంది. అందుకే ఇబ్బంది. కాళిదాసు జింకని అంత అందంగా చూపించిన క్షణం కూడా అదే కదా: మెడ తిప్పిన క్షణం, నోట్లోంచి గడ్డి జారిన క్షణం. ఆ అందాన్ని వర్ణిస్తున్నది ఎవరు? విల్లు పట్టుకున్నవాడు. శాకుంతలంలో రసం మనకి చేరేలోపు ఒక కవి ఉన్నాడు, ఒక నటుడున్నాడు, మధ్యలో నిజమైన జింక లేదు. ఇక్కడ ఉంది. దానికి మన ఇంటి పేరే ఉంది.

రామోజీ ఫిల్మ్ సిటీది పూర్తిగా వేరే దారి. 1996లో మొదలైన ఆ ఊరు ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌కెక్కింది. అక్కడ ప్రధాన రసం భయానకం కాదు, అద్భుతం. అదీ ఒక ప్రత్యేకమైన అద్భుతం: మోసం ఎలా జరిగిందో తెలుసుకోవడంలో ఉండే ఆనందం. విమానాశ్రయం ముఖం ఉంటుంది, వెనక విమానం ఉండదు. రైల్వే స్టేషన్ ఉంటుంది, రైలు ఎక్కడికీ పోదు. సినిమా ఎలా తీస్తారో ముక్కలు ముక్కలుగా విప్పి చూపించే షోలుంటాయి. పెద్దవాళ్లకి ఇది భలే ఉంటుంది, ఎందుకంటే ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఆ స్టేషన్లలో ఎవరెవరో విడిపోతుంటే కళ్లు తుడుచుకున్నవాళ్లం. గుట్టు విప్పితే సంతోషించాలంటే ముందు ఆ గుట్టుకి మోసపోయి ఉండాలి. నాలుగేళ్ల మనిషి ఇంకా మోసపోలేదు. తెర తీసి వెనకేముందో చూపిస్తే వాళ్లకది రెండో గది, అంతే. మా పాప ఆ స్టేషన్ బెంచీ మీద కూర్చుని రైలు ఎప్పుడు కదులుతుందని మాత్రం అడిగింది. కదలదంటే "డ్రైవర్ అంకుల్ అన్నానికెళ్లాడా" అంది. గైడు చెప్పే విశేషాలన్నీ ఆమె తల మీదుగా పోయాయి. ఆ ప్లాట్‌ఫారం మీద నమ్మకంగా ఎదురుచూసిన ప్రయాణికురాలు ఆమె ఒక్కతే. ఒక విధంగా సెట్ వేసినవాళ్లు కోరుకున్న ప్రేక్షకురాలు ఆమే అయ్యుండాలి.

దీనికి పక్కనే ఇంకోటి పెట్టి చూడాలి. మన కారిడార్‌లోనే, శేరిలింగంపల్లిలో, సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాల కాలనీ. ఇక్కడి ఐటీ మనుషుల్లో చాలామంది దాని మీదుగానే లింగంపల్లి రైలెక్కుతారు, పేరు చదవకుండా. సురభి నాటకంలో ఘటోత్కచుడు గాల్లోంచి దిగుతాడు, మంటలు లేస్తాయి, వాన కురుస్తుంది. తాళ్లు కనిపిస్తాయి. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకైతే ఇంకా బాగా కనిపిస్తాయి. భయమేసినప్పుడు తాడు వంక చూడొచ్చు, తేరుకున్నాక మళ్లీ ఘటోత్కచుడి వంక చూడొచ్చు. చూపు ఎటు తిప్పుకోవాలన్నది పిల్లల చేతిలో ఉంటుంది. రోలర్ కోస్టర్ సీట్లో ఉన్నవాళ్లకి చూపు తిప్పుకునే చోటు లేదు. బోనాల్లో పోతరాజుతోనూ ఇదే. పసుపు పూసుకుని కొరడా ఝళిపించే మనిషి, గంట ముందు సందు చివర వేషం వేసుకుంటూ కనిపించినవాడే, గంట తరవాత చాయ్ తాగుతూ కనిపించేవాడే. పూర్వరంగం, ఉత్తరరంగం రెండూ పిల్లల కంటి ఎత్తులో ఉన్నాయి. అలాగని "మా రోజుల్లో" అని నిట్టూర్చే ఉద్దేశం నాకు లేదు. పోతరాజు ముందుకీ పిల్లల్ని నెట్టి నవ్వినవాళ్లున్నారు, బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించిన నానమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మా ఇంట్లో నానమ్మ ఆ రోజు లాకర్ల దగ్గర బ్యాగులకి కాపలా కూర్చుని, రాత్రికి పాపకి దిష్టి తియ్యాలని ముందే నిర్ణయించేసుకుంది. భయం గురించి మా అందరికంటే స్పష్టమైన సిద్ధాంతం ఆవిడదే.

ఇంత చెప్పాక, ఈ పార్కుల్లో నాకు నిజంగా గొప్పగా అనిపించినది చెప్పకపోతే అన్యాయం. పిల్లల నీళ్ల కొలనులో ఎత్తున ఒక పెద్ద బకెట్ ఉంటుంది. చాలా వాటర్ పార్కుల్లో ఉన్నదే, కొత్తదేమీ కాదు. సన్నటి ధారతో నింపుతూ ఉంటారు. నిండేకొద్దీ అది మెల్లగా ఒక పక్కకి వాలడం కనిపిస్తుంది. చివరికి ఒక్కసారిగా బోర్లా పడి కింద ఉన్నవాళ్లందరి నెత్తినా నీళ్లు కుమ్మరించి మళ్లీ లేచి నిలబడుతుంది. మళ్లీ ధార, మళ్లీ నిండటం. అంతే కథ.

కానీ చూడండి, ఇందులో ఏం లేదు? బకెట్ ఎక్కడుందో కొలనులో ఏ మూల నుంచైనా, ఎంత పొట్టి మనిషికైనా కనిపిస్తుంది. రాబోయేది ముందే తెలుస్తుంది. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు. మా పాప మొదటిసారి అది పడ్డప్పుడు ఏడుస్తూ ఒడ్డుకి పరిగెత్తింది. రెండోసారి ఒడ్డునే ఉండి చెవులు మూసుకుంది. మూడోసారి చెవులు తెరిచింది. ఆ తరవాత లెక్క తప్పింది. తుంపర అందేంత దూరం, కాలి మీద పడేంత దూరం, ఇలా బెత్తెడు బెత్తెడు జరుగుతూ వెళ్లింది. ఆఖరికి సరిగ్గా దాని కింద నిలబడి, పైకి చూస్తూ, పళ్లు బిగబట్టి, అది వాలుతుంటే వణికిపోతూ, పరిగెత్తకుండా. నీళ్లు పడ్డాక మొహం తుడుచుకుని "మళ్లీ" అంది.

భయం భయానకంగా మారడం నా కళ్ల ముందు జరిగింది. దానికి గంటన్నర పట్టింది. భరతుడు దీనికి సూత్రం రాశాడు గానీ గడియారం పెట్టలేదు. మారడానికి కావలసినవి మూడే అనిపించింది నాకు: ముందే కనిపించడం, తప్పుకునే వీలు, మళ్లీ మళ్లీ జరగడం. రంగులరాట్నంలో ఈ మూడూ ఉన్నాయి. రోజూ రాత్రి అదే కథ, అదే తోడేలు, అదే చోట పేజీ తిప్పమని పట్టుబట్టే పిల్లలు చేసేదీ ఇదే. వాళ్లు కథ వినడం లేదు, బకెట్ కిందికి జరుగుతున్నారు.

థీమ్ పార్కుకి ఈ "మళ్లీ"తోనే పేచీ. రోజు టికెట్ కొన్నాం. కుటుంబానికి వేలల్లో అయింది. చేతిలో పార్కు మ్యాపు ఉంది, అందులో డజన్ల కొద్దీ రైడ్లున్నాయి, పావు వంతు కూడా అవలేదు. గంటన్నర బకెట్ కింద గడిస్తే మ్యాపు పట్టుకున్న పెద్దమనిషికి ఆఫీసులో స్ప్రింట్ ఆఖరి రోజు గుర్తొస్తుంది. మేం కోడ్‌ని పరీక్షించేటప్పుడు కవరేజ్ అని ఒక మాట వాడతాం, ఎన్ని వరసలు తాకాం అని. పెద్దవాళ్లు పార్కుని కవరేజ్ కోసం చదువుతారు. పిల్లలు ఒక్క వాక్యాన్ని పట్టుకుని అరిగేదాకా చదువుతారు. పార్కు అచ్చయింది పెద్దవాళ్ల చదువుకి అనుకూలంగా. ఒకసారి రావాలి, అన్నీ తాకాలి, ఫోటోతో వెళ్లాలి. వార్షిక పాసులూ అవీ ఉంటాయి గానీ "మొదటిసారి" అన్న తంతుకి అవి పట్టవు. అందుకే సాయంత్రం పార్కింగ్‌లో దాదాపు ప్రతి కారు దగ్గరా ఒకే గొడవ వినిపిస్తుంది. "అన్ని రైడ్లుంటే నువ్వు ఆ బకెట్ కిందే కూర్చున్నావు." చెప్పేవాడి గొంతులో ఉన్నది కోపం కూడా కాదు, పుస్తకం మధ్యలో లాక్కున్న లైబ్రేరియన్ తొందర.

శాకుంతలంలో ఆ జింక బతికింది. బాణం వదిలేలోపు ఒక వైఖానసుడు అడ్డొచ్చి, ఇది ఆశ్రమ మృగం, చంపకూడదు అన్నాడు. రాజు విల్లు దించాడు. మనకి జింక గుర్తుంటుంది, శకుంతల గుర్తుంటుంది, ఆ మునిని మర్చిపోతాం. ఒక పార్కులో, చీకటి సొరంగంలోకి వెళ్లే చిన్న రైలు దగ్గర, మా ముందు ఒక తండ్రి, అయిదేళ్లుండొచ్చు, ఒక బాబు. వరసలో గంట నిలబడ్డారు. సీట్లో కూర్చున్నారు. బాబు ఏడుపు మొదలుపెట్టాడు, గట్టిగా కాదు, ముక్కుతో. తండ్రి భుజం చుట్టూ చెయ్యేసి "ఏం కాదు నాన్నా, నేనున్నా కదా" అంటున్నాడు, ఇంకో చేత్తో ఫోన్ సరిచేసుకుంటున్నాడు. బార్లు సరిచూసుకుంటూ వస్తున్న ఆపరేటర్ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, యూనిఫాం టీషర్టు చెమటకి అంటుకుపోయింది. వాళ్ల దగ్గర ఆగాడు. తండ్రి "పర్లేదు, స్టార్ట్ చెయ్యి, ఎక్కాక వాడే ఊరుకుంటాడు" అన్నాడు. కుర్రాడు ఆయన వంక చూడలేదు. కమ్మీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బాబు మొహం ఎత్తుకి తన మొహం తెచ్చి, "పోదామా? వద్దా?" అని అడిగాడు.

బాబు తల అడ్డంగా ఊపాడు. కుర్రాడు బార్ ఎత్తాడు. బయటికెళ్లే గేటు ఎడమ పక్క ఉంది. తండ్రి ఒక్క క్షణం అలాగే కూర్చుని, లేచి వాణ్ణెత్తుకున్నాడు. వెనకున్నవాళ్లు ఖాళీ అయిన రెండు సీట్ల కోసం ముందుకు జరిగారు.